సముద్రం పక్కన లోతు బోరు

మదనపల్లెలో సువర్ణ సిస్టరంటే తెలియని పాత కుటుంబం ఉండదు. మిషన్ ఆస్పత్రి కాన్పుల వార్డులో ఆమె ఒక్క కేక వేస్తే ఏడ్చే బిడ్డ కూడా నోరు మూసేదని చెప్పుకుంటారు. అంత గట్టి మనిషికీ ఒక బలహీనత ఉంది, సముద్రం. నర్సింగు చదివే రోజుల్లో విహారయాత్రకు పోయి, చీర కుచ్చిళ్లు తడుస్తున్నా కదలకుండా నిలబడిపోయిందట. రిటైరైన డబ్బు చేతికి రాగానే నెల్లూరు వైపు ఒక జాలర్ల పల్లె అంచున చిన్న ఇల్లు కొనేసింది. సెలవులకు వచ్చేవాళ్లకు బాడుగకిస్తే ఇంటి ఖర్చు ఇల్లే చూసుకుంటుంది, ఖాళీ రోజుల్లో తాము పోయి అలల చప్పుడు వింటూ పడుకోవచ్చు. ఇదీ ఆమె ఆలోచన. భర్త ప్రకాష్ బాబు పుంగనూరు బడిలో పాఠాలు చెప్పి చెప్పి, ఇంట్లో నోరు విప్పడం మానేసిన మనిషి. "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు.

ఆ ఇంటి పెరట్లో ఇసుకలోకి దించిన చేతిపంపు ఉండేది. ఇరవై అడుగులకే నీళ్లు, తియ్యటి నీళ్లు. ఇంకొకరైతే దేవుడికి స్తోత్రం చెప్పుకునేవారు. సువర్ణకు మాత్రం అదే దిగులైంది. పుట్టింది తంబళ్లపల్లెలో. వెయ్యి అడుగులు బోరు దింపినా దుమ్ము లేచే నేల అది. పైనున్న నీళ్లు ఇవాళ ఉండి రేపు పోతాయనీ, లోతు నీళ్లనే నమ్మాలనీ ఆ సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. బోరు లారీ వచ్చిన రోజు పక్కింటి సరోజమ్మ, చేపలమ్ముకునే ఆవిడ, గోడ దగ్గరికి వచ్చింది.

"లోతుకు పోబాకండమ్మా. కింద ఉప్పే."

"ఇరవై అడుగుల నీళ్లు నమ్ముకుని ఎవురన్నా ఇల్లు బాడుగకిస్తారా? అవి ఎండిపోతే వచ్చినోళ్లు స్నానాలకు యాడికి పోవాల?" అని కసిరింది సువర్ణ. మూడు వందల అడుగులు దింపించింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కింది ఉప్పు పైకి ఎగబాకి పైనున్న తీపినీళ్లలో కలిసిపోయింది. బాడుగకొచ్చిన జనం తల రుద్దుకుంటే నురగ రాలేదు, టీ పెట్టుకుంటే పాలు విరిగాయి. ఫోన్లో ఆ ఇంటిని తిడుతూ రాతలు పెరిగాయి, వచ్చేవాళ్లు తగ్గారు.

అదేదో చూద్దామని సువర్ణ పోయిన రోజున, వీధిలో ట్యాంకరు దగ్గర బిందెల వరుసలో సరోజమ్మ కనిపించింది.

"మీకు పంపు ఉండాది కదా, ఈడ యాల నిలబడినావు?"

"మీ బోరు పడినాక మా పంపూ ఉప్పెక్కిందమ్మా. మీరు వస్తారు, పోతారు. మేం తాగాల కదా."

ఆ గొంతులో కోపం లేదు. ఉండుంటే సువర్ణ కూడా నాలుగు మాటలని బయటపడేది. చిన్నప్పుడు పక్క చేని ఆసామి పెద్ద బోరు వేస్తే తన తల్లి బావి ఎండిపోయింది. చచ్చేదాకా ఆయమ్మ ఆ ఆసామిని తిడుతూనే ఉండేది. ఆ తిట్లన్నీ ఇప్పుడు తనకే తగులుతున్నట్టు అనిపించింది సువర్ణకు.

"ఇల్లు అమ్మేద్దాం" అన్నాడు ప్రకాష్ బాబు. ఆమె తలూపింది.

కుప్పంలో మండీ నడిపే ముద్దుకృష్ణ ఇల్లు చూడడానికి వచ్చాడు. గదులు నచ్చాయి, మేడ మీది గాలి నచ్చింది. చివరగా పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"బోరు ఎన్నడుగులక్కా?"

"మూడు వందలు."

అతని మొహం వెలిగిపోయింది. "ఇదీ బోరంటే! నీళ్లకు ఇంక దిగులే లేదు."

అచ్చం తనలాగే. సువర్ణ నోరు మూసుకుంటే చాలు, ఇల్లు అమ్ముడుపోయేది. ఈ బాధంతా అతని నెత్తికెక్కేది. ప్రకాష్ బాబు ఆమెనే చూస్తున్నాడు.

"ఆ నీళ్లు ఉప్పప్పా" అంది సువర్ణ. "ఆ బోరుతో పక్కింటోళ్ల నీళ్లు గూడా నేనే చెడగొట్నాను. దాన్ని పూడ్చేస్తాండాను. పూడ్చినాక గూడా కావాలంటే కొనుక్కో."

ముద్దుకృష్ణ ఫోన్ చేస్తానని పోయాడు. చేయలేదు.

బోరును బంకమట్టితో, సిమెంటుతో పూడ్పించింది. ఇప్పుడా ఇంటికి బాడుగకు వచ్చేవాళ్లూ లేరు, కొనేవాళ్లూ లేరు. పోయినప్పుడల్లా సువర్ణ, తన ఇంటి తాళం తీయకముందే, పక్కనున్న సరోజమ్మ వాళ్ల పెరట్లోకి వెళ్లి, పంపు కొట్టి, దోసిట పట్టి రుచి చూస్తుంది. మొన్న కూడా అలాగే పట్టింది. సరోజమ్మ ఆమె మొహంలోకి చూసి, "తగ్గతా ఉందిలేమ్మా, బాధపడబాక" అంది.

తగ్గలేదు. నోట్లో ఉన్న నీళ్లు ఉప్పగా ఉన్నాయి. సరోజమ్మ ముందు ఉమ్మేయడానికి సువర్ణకు మొహం చెల్లలేదు. మింగేసింది.