ఇద్దరు పంతుళ్ళ జొన్నలు

రాచయ్య పంతులు నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివాడు. తెలుగు మాత్రం ఇంటి అరుగు మీద తండ్రి నేర్పాడు. అందుకే మన్నాఏఖేళ్ళి దగ్గరి తమ పల్లెకు తెలుగు బడి వచ్చి, అందులో తనకే పంతులు పని దొరికినప్పుడు దేవుడి దయ అనుకున్నాడు. కొన్నాళ్ళకు ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. పై తరగతులవాళ్ళు తెలుగులోనే ముగించుకోవచ్చు, కొత్తగా చేరేవాళ్ళకు కన్నడంలోనే చెప్పాలని ఉత్తర్వు. ఆ కన్నడం చెప్పడానికి దుబల్గుండి నుంచి సంగయ్య వచ్చాడు.

ఒకటో తరగతికి ఒక్క బిడ్డా రాలేదు. మన మాట లేని బడి మనకెందుకన్నారు జనం. సంగయ్య పొద్దున చాప పరిచేవాడు, సాయంత్రం చుట్టేవాడు. ఆ ఖాళీ చాప చూస్తే రాచయ్యకు అన్నం సహించేది కాదు. పిల్లలు రాకుంటే బడి మూతపడుతుంది. అప్పుడు ఊరికి ఏ అక్షరమూ మిగలదు.

ఆ పల్లెలో తొలి అక్షరం జొన్నల పళ్ళెంలో దిద్దిస్తారు. చెయ్యి పట్టి రాయించినవారికే ఆ జొన్నలు. తీసుకున్నారంటే ఆ బిడ్డ చదువు వారి పూచీ.

ఒక గురువారం హన్మమ్మ మనవరాలు మాణిక్‌ను వెంటబెట్టుకుని, పళ్ళెంతో రాచయ్య ఇంటికి వచ్చింది.

"పంతులూ, ఈడ్నే తెలుగు రాయించు. బడికైతె పంప."

"పంపకుంటె రాయించ, అక్కా."

"గంత మొండికేస్తవేంది? ఆ కన్నడ పంతులు నీకు రొట్టెలు చేసి పెడ్తుండా?"

"నేనే పంపిస్తున్న. ఒంటిమనిషి, రొట్టె మాడగొట్టుకుంటుండు."

హన్మమ్మ నవ్వింది. రాచయ్య నవ్వలేదు.

"నాకు ఉర్దూ చెప్పినాయనది గూడ మన మాట గాదు. జరమొస్తె నన్ను భుజం మీద ఇంటికి మోసుకొచ్చిండు. నడువక్కా."

బడిలో రాచయ్య దండం పెట్టుకుని, మాణిక్ చేత తెలుగు అక్షరం దిద్దించాడు. జొన్నలు అరచేత్తో సాపు చేసి పళ్ళెం సంగయ్య వైపు జరిపాడు.

సంగయ్య పళ్ళెం ముట్టలేదు. "నేను కన్నడం రాయించొచ్చా, అవ్వా?" అన్నాడు హన్మమ్మను చూసి.

ఆమె మాణిక్‌ను ఎత్తి అతని ఒడిలో కూర్చోబెట్టింది. "కిందనైతె దానికి చెయ్యి అందది."

జొన్నలు సగం సగం ఇద్దరి కండువాల్లోకి వెళ్ళాయి.

ఆ సాయంత్రం సంగయ్య బడి గది తాళంచెవి తెచ్చి రాచయ్య చేతిలో పెట్టాడు. "బడి విడిచినంక గది మీది, తెలుగు చెప్పుకోండి. పైవాళ్ళు అడిగితె నేను జవాబు చెప్త." మర్నాటి నుంచి చాప మీద పిల్లలు కూర్చోసాగారు.

ఏళ్ళు గడిచి రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. సంగయ్యకు హుల్సూర్ బదిలీ అయింది. మాణిక్ కొడుక్కి తొలి అక్షరం దిద్దించేనాడు అతను బస్సులో వచ్చాడు. ముసలి రాచయ్య చెయ్యి జొన్నల్లో వణికి, గీత చెదిరిపోతోంది. సంగయ్య ఆ చేతి కింద తన చెయ్యి ఆనించాడు. తెలుగు అక్షరం కుదురుగా పడ్డాకే పళ్ళెం తన వైపు తిప్పుకున్నాడు.