అవ్వ వెనక్కి పంపిన మడకలు

నా చిన్నప్పుడు మా అవ్వ చేని గట్టు మీద నిలబడి ఊరందరి ముందు ఒక మాట అంది. ఆ మాటకు ముందూ వెనకా జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. నా నోటి సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీండి. ఇందులో ఒక్క పొల్లు మాట ఉన్నా, ఈసారి నా టమాటాలకు మదనపల్లె మార్కెట్లో ఆవు కూడా మూతి పెట్టకుండా పోవాలి. టమాటా రైతు ఇంతకంటే పెద్ద ఒట్టు పెట్టలేడు.

మాది పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో ఒక మెట్ట ఊరు. అమ్మా నాయనా కుప్పం పక్క రాతి క్వారీలో పనికి పోయి అక్కడే ఉండేవాళ్లు. ఊళ్లో మిగిలింది మూడెకరాల చేను, అవ్వ, తొమ్మిదేళ్ల నేను. అంతకు ముందటేడు అవ్వ దగ్గుతో చిక్కి శల్యమై మదనపల్లె ఆస్పత్రిలో నాలుగు నెలలు పడుకుంది. బతకదనే అనుకున్నారు అందరూ. పక్క మంచం ముసలామె తన గంజిలో సగం ఈమెకు తాపి, పిలిస్తే పలికే దేవుడొకడు ఉన్నాడని చెప్పి, ప్రార్థన నేర్పింది. అవ్వ లేచి నడిచి ఇంటికొచ్చింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం పుంగనూరు దాకా నడిచిపోయి, రేకుల చర్చిలో వెనక వరసలో కూర్చుని వచ్చేది. దాంతో ఊళ్లో ఎవరికీ పేచీ లేదు, గంగమ్మ జాతర వచ్చేదాకా.

జాతరకు ఇంటికొక పిండి దీపం పోవాలి. దాన్ని ఆ ఇంటి పెద్ద ఆడమనిషే తల మీద ఎత్తుకోవాలి. ఒక్క ఇల్లు తప్పినా ఊరంతటికీ కీడని నమ్మకం. ఆ ఏడు అవ్వ ఎత్తుకోనంది, మా ఇంటి దీపం పోలేదు. వాన కూడా రాలేదు. ఊరు ఆ రెండింటినీ కలిపి ముడివేసింది. వాళ్లను నేను తప్పుపట్టను, ఎండిన నేల ముందు కూర్చున్నవాడికి ఏదో ఒక కారణం కావాలి. ఊరి పెద్ద ఎవరో కాదు, అవ్వకు సొంత తమ్ముడు, నాకు చిన్నతాత. అక్క ఒక మంగళవారం తప్పు కాసుకోమని గంగమ్మకు దీపం ఎత్తుకుంటానని ఒప్పుకోవాలి, అంతదాకా ఆమె చేనికి ముయ్యి లేదని ఆయనే తేల్చాడు.

ముయ్యి అంటే ఒకరి చేనికి ఒకరు పనికి పోవడం. మాకు ఎడ్లు లేవు. అవ్వ అందరి చేలల్లో కలుపు తీసేది, విత్తే రోజున వాళ్ల మడకలు, అంటే నాగళ్లు, మా చేలోకి దిగేవి. వాన కురిసిన తర్వాత నేలలో పదును నాలుగు రోజులు నిలుస్తుంది. ఆ నాలుగు రోజుల్లో వేరుశనగ విత్తనం పడితే ఏడాదికి తిండి, పడకపోతే పస్తు.

చివరికి వాన పడింది. మొదటి రోజు ఊరి మడకలన్నీ మా గట్టు పక్కనుంచే పోయాయి, ఒక్కటీ ఆగలేదు. రెండో రోజు అవ్వ గడ్డపారతో గుంతలు తవ్వింది, నేను గుంతకొక గింజ వేశాను. పొద్దు వాలేసరికి నాలుగు సాళ్లు కూడా కాలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె గడ్డపార పడేసి మట్టి పిడికిట్లోకి తీసుకుని చూసింది. అది ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. "ప్రభువా, ఈ బిడ్డకు ఏం పెట్టేది? నువ్వన్నా సెప్పు" అని గట్టు మీద కూలబడింది. పెద్దవాళ్లు అట్లా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

నేను ఊళ్లోకి పరుగెత్తాను. అవ్వ మంగళవారం దీపం ఎత్తుకుంటానందని చిన్నతాతకు చెప్పాను. అంతటితో ఆపితే నేను నేనెట్లా అవుతాను? ఏడ్చిందని, కొంగు పట్టి గంగమ్మకు మొక్కిందని కూడా కలిపాను. ఆయన కళ్లు తుడుచుకుని నన్ను దగ్గరికి తీసుకున్నాడు. అక్కతో మాట లేక ఆయనా నలిగిపోయి ఉన్నాడని అప్పుడు తెలిసింది.

నాలుగో రోజు పొద్దున్నే ఆరు జతల ఎడ్లు మా చేలో నిలబడి ఉన్నాయి. ఆడవాళ్లు విత్తనాల గంపలు నడుముకు ఆనించుకుని వచ్చారు. అవ్వ గడ్డపార కింద పెట్టి తమ్ముడి వైపు తిరిగింది.

"ఏమప్పా ఇది?"

"దీపమెత్తుకుంటానన్నావంట గదక్కా. పిల్లోడు సెప్పినాడు."

అవ్వ నా వైపు తిరిగింది. చెప్పొద్దవ్వా అని నా కళ్లతో కాళ్లు పట్టుకున్నాను. ఆమె ఎడ్లను చూసింది, తెల్లబారుతున్న నేలను చూసింది. పడిపోకుండా పక్కనున్న ఎద్దు కొమ్మును పట్టుకుని నిలబడింది.

"నేనా మాట అన్లేదు తమ్ముడా. పిల్లోడు ఆకలికి అనుంటాడు. మడకలు తోలాకండి."

గంపలు పట్టుకున్న ఆడవాళ్లలో ఒకామె నెత్తి కొట్టుకుంది. "నోరు మూసుకుంటే సాలు గదే తల్లీ! విత్తనం పడినాక సెప్పుకోరాదా?" వెనకనుంచి ఒక కుర్రవాడు "మీ ఏసుసామినే వచ్చి మడక తోలమను" అని ఎకసెక్కం చేశాడు. అవ్వ కొమ్ము వదలకుండానే "ఆయన వడ్రంగోడు నాయనా. మడక సెక్కి ఇస్తాడు, తోలేది మనమే" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వబోయి, చిన్నతాత ముఖం చూసి ఆగిపోయారు.

ఆయన ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, నువ్వేం సెప్పాకు. ఊరికే తలూపు. మంగళారం సంగతి మంగళారం సూసుకుందాం. పదును పోతాండాది."

"తలూపితే నిన్నూ మోసం చేసినట్టే, ఆయన్నూ మోసం చేసినట్టే. నేను సస్తాంటే నా మంచం కాడ నిలబడినోడప్పా ఆయన. ఈ పొద్దు మడకల కోసం నువ్వెవురని ఆయన్ని ఎట్లడిగేది?"

చిన్నతాత ఎడ్లను మళ్లించమని చెయ్యి ఊపాడు. ఆరు జతలూ వచ్చిన దారినే పోయాయి. అవ్వ నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని "ఇంగెప్పుడూ నా నోటితో నువ్వు మాట్లాడాకు నాయనా" అంది, అంతే. మళ్లీ గడ్డపార అందుకుంది.

మధ్యాహ్నం తిరిగేసరికి చిన్నతాత ఒక్కడే తన ఎడ్లను తోలుకుని వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా చేలో దిగి సాలు పట్టాడు. అవ్వ వెనకాలే విత్తనం వేసుకుంటూ నడిచింది. పొద్దు కుంకేలోపు ఎకరన్నర విత్తారు. ఆ ఏడు మా వేరుశనగ కాయ మోయలేక ఎడ్లబండి ఇరుసు విరిగింది.

ఇన్నేళ్లుగా ఈ కథ నేను ఇక్కడే ముగిస్తాను. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, టీ కూడా తాపిస్తారు. కానీ ఒట్టు పెట్టాను కాబట్టి ఇవాళ ఒప్పుకుంటాను. చిన్నతాత తిరిగి రాలేదు. ఇరుసు సంగతి సరే, మాకు బండే లేదు. సాయంత్రానికి గడ్డపార దిగనంతగా నేల బిగుసుకుంది. చేను బీడు పడింది. కార్తీకం లోపలే అవ్వ నన్ను తీసుకుని కుప్పం పోయి, నాయన పనిచేసే క్వారీలోనే కంకర కొట్టింది. తమ్ముడి ముఖం మళ్లీ చూడకుండానే అక్కడే పోయింది. ఆయన ఎడ్లను నేనెందుకు కల్పించానంటే, ఆమె చేసిన పనికి ఏదో ఒక ఫలితం దక్కాలని నాకు ఉండేది. ఫలితం దక్కుతుందని ఆమె ఆ పని చేయలేదని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

నేను ఇప్పటికీ కథలల్లుతాను. ఎవరి ఎద్దునైనా ఎగరేస్తాను, ఏ చెరువునైనా ఎండగడతాను. కానీ ఆఫీసులో కాగితం మీద సంతకం పెట్టే చోటో, పెళ్లి సంబంధం మాట్లాడే చోటో "నువ్వు చర్చికి పోయేవాడివేనా?" అని ఎవరైనా అడిగితే, పక్కనుంచి ఎవరో ఒకరు మోచేత్తో పొడుస్తారు, ఊరుకోమని. అప్పుడు నాకు పట్టుకోవడానికి ఎద్దు కొమ్ము కూడా ఉండదు. అయినా ఔననే చెబుతాను.