రెండు వైపులా బొమ్మే ఉన్న ఐదు రూపాయలు

రాజన్న నాణెం టంకసాలలో జరిగిన పొరపాటు కాదని, బయట ఎవరో మిషన్ మీద తయారుచేసిందని శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గల్ఫ్‌లోని అల్ ఖోర్ పట్టణంలో తేలింది. అది లక్షలు పలుకుతుందన్న నమ్మకంతో ఆయన ఉద్యోగం వదులుకోబోతున్నాడు. కాంట్రాక్ట్ పొడిగిస్తాడో లేదో ఆదివారం ఉదయం కంపెనీకి చెప్పాలి. నాణెం సంగతి అంతకుముందే తేల్చుకోవాలని మేం బయల్దేరాం.

రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె, ఇక్కడ సైట్‌లో కాంక్రీటుకు ఇనుప చువ్వలు కట్టే స్టీల్ ఫిక్సర్. నేను ఉండేది ఐన్ ఖాలిద్‌లో. శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక రెండింటికి ముఐథర్‌లో రూమ్ దగ్గర ఆయన్ని కారెక్కించుకున్నాను. అల్ ఖోర్‌కు బస్సు కూడా ఉంది, ఖర్చు తక్కువ, కానీ సెలవు రోజు ఎక్కువసేపు ఎదురుచూడాలి. కారులో గంట ప్రయాణం. రానూపోనూ పెట్రోలుకు ఇరవై రియాళ్ళ పైన అయింది. దారిలో చిక్కటి కరక్ చాయ్ తాగుతూ రాజన్న నాణెం తీశాడు. ఎటు తిప్పినా మూడు సింహాలే.

"మా రూమ్‌ల ఉండే మల్లయ్య ఆరు నెలల కింద ఊరికి పోయేటప్పుడు ఇచ్చిండన్నా. గసొంటిది లక్షలు పోతదని వీడియోల జూసిన. ఇంట్ల గూడ చెప్పిన, గల్ఫ్ ఇడిసి వస్తున్న అని."

"ఎవరికైనా చూపించావా?"

"చూపిస్తే కొట్టేస్తరు గదా!"

అల్ ఖోర్‌లో మేం కలిసిన జయరాజు గారిది నరసాపురం. గ్యాస్ కంపెనీ ఆఫీసులో పని, ఇరవై ఏళ్ళుగా నాణేలు సేకరిస్తున్నారు. ఆయన మొదట నాణేన్ని బల్ల మీద వేసి చప్పుడు విన్నారు, పక్కన మామూలు ఐదు రూపాయలు వేసి మళ్ళీ విన్నారు. రాజన్న నాణెం మొద్దుగా మోగింది. తర్వాత భూతద్దం రాజన్న చేతికే ఇచ్చారు.

"అంచు లోపలి వైపు చూడండి రాజన్న గారూ. సన్నగా గీత కనపడుతుందా?"

"గుండ్రంగ ఉన్నది సార్."

"అదేనండి అతుకు. ఒక నాణెం లోపల తొలిచి, ఇంకోటి అరగదీసి అందులో కూర్చోబెట్టారు. టంకసాలలో తప్పు జరిగి బయటికొస్తే దానికి ధర ఉంటుందండి. బయట మనిషి మార్చినదాన్ని గారడీ వాళ్ళు, వింత వస్తువులు దాచుకునేవాళ్ళు కొంటారు. పని బాగుంది కాబట్టి నేను ఇరవై రియాళ్ళిస్తాను. ఇంతకంటే ఎవరూ ఇవ్వరు."

 రాజన్న నాణెం జేబులో వేసుకున్నాడు.

"ఇరవైకైతే ఇయ్య సార్. మా రూమ్‌ల వంట ఎవలదో టాస్ ఏసి తేలుస్తం, నేనెప్పుడు బొమ్మనే అంట. దీని పుణ్యాన ఆరు నెలల సంది నేను పొయ్యి ముట్టియ్యలే."

"అయితే దాని విలువ మీకు ఎప్పుడో వచ్చేసిందండి!" జయరాజు గారు పగలబడి నవ్వారు.

తిరుగు దారిలో రాజన్న భార్యకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు.

"గా బిళ్ళ ఉత్తదేనే. ఇంకో రెండేండ్లు ఈడనే."

"నాకెర్కనే. అందుకే ఊర్లె ఎవ్వలకు చెప్పలే." ఆమె గొంతులో నవ్వుంది. "మల్లయ్య బంగారమిస్తడా నీకు?"

సేకరించేవాళ్ళు కొనేది వింతను కాదు, ఆ వింత ఎక్కడ పుట్టిందన్న రుజువును. రాజన్న నాణెం అరుదైనదే, చక్కగా చేసినదే. కానీ అది పుట్టింది టంకసాలలో కాదు. ఆ ఒక్క తేడాతో లక్షలు ఇరవై రియాళ్ళయ్యాయి. మీరూ ఇలాంటి నాణెంతో బయల్దేరితే ఫొటో పంపి ధర అడగకండి. మామూలు నాణెం ఒకటి పక్కన పెట్టుకుని చప్పుడు పోల్చండి, భూతద్దంతో లోపలి అంచు చూడండి. శుక్రవారమైతే మధ్యాహ్నం నమాజ్ అయ్యాకే కదలండి, అప్పటిదాకా దుకాణాలు తెరవరు.

ఆదివారం ఉదయం సైట్ ఆఫీసులో రాజన్న పొడిగింపు కాగితం మీద సంతకం పెడతాడు. ఈ రాత్రి వాళ్ళ రూమ్‌లో నాకు భోజనం. ఏడింటికి వంట టాస్, ఈసారి నాణెం మాత్రం నా జేబులోని మామూలుది.