నవ్వవలసిన పేజీల జాబితా

ఆ రోజుల్లో నవ్వడానికి కూడా ఒక పద్ధతి ఉండాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. తొంభైల చివర, మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అద్దాల భవనాలు ఒక్కొక్కటే లేస్తున్న కాలంలో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో లైబ్రేరియన్‌గా చేరాను. నిజాంపేట నుంచి రెండు బస్సులు మారి, ఒళ్లంతా ఎర్రదుమ్ముతో దిగేవాణ్ణి (ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో నా డైరీల్లో భద్రంగా ఉంది, ఇంతవరకూ ఎవరూ అడగలేదు). ఆరు నెలల ప్రొబేషన్ ముగియవస్తోంది. నన్ను ఉంచాలా, పంపాలా అన్నది, ప్రోగ్రాముల్ని పరీక్షించి తప్పులు పట్టే టెస్టింగ్ విభాగంతో పాటు లైబ్రరీని కూడా చూసే పెద్దాయన చేతిలో ఉంది. ఆఫీసంతా ఆయన్ని చాటుగా 'గంభీరం గారు' అనేవారు. ఆయన పళ్లు చూసినవాళ్లు లేరు.

ఆ ఆఫీసులో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు, కొత్తగూడ నుంచి సైకిల్ మీద వచ్చే ప్రోగ్రామర్. అమెరికాలో ఒకాయన ఇంటర్నెట్‌లో రోజుకొక బొమ్మల కథ గీసి పెడితే, ఇతడు పొద్దున్నే దాన్ని ప్రింటు తీసి తన బల్ల దగ్గర అంటించేవాడు. ఆ బొమ్మలాయనే రాసిన హాస్య నవలలు రెండు తెప్పించి నా ముందు పెట్టాడు. "అన్నా, జర ఇవి సదువు. అంతరిక్షంల ఓడలు, రోబోలు అన్నీ ఉంటయి గానీ, అందరూ మన ఆఫీసోళ్ల లెక్కనే పరేషాన్‌ల ఉంటరు. నవ్వి నవ్వి సస్తవ్!"

చదివాను. నిజంగానే నవ్వాను. మొదటిదాంట్లో ఒక రోబో మోకాలి నొప్పికి సెలవు అడుగుతుంది; మంజూరు చెయ్యవలసిన కంప్యూటరే సెలవులో ఉంటుంది. అయితే మంచి పుస్తకాన్ని నోటిమాటగా సిఫార్సు చెయ్యడం నాకు చేతకాదు. తెల్లకాగితం మీద గళ్లు కొట్టి, 'నవ్వవలసిన చోట్లు' అని శీర్షిక పెట్టి, పేజీ, పేరా, స్థాయి (చిరునవ్వు, మామూలు, పగలబడి) వరుసగా ఇరవై మూడు రాసి మొదటి నవలలో ఉంచాను.

ఆ శుక్రవారమే గంభీరం గారు లైబ్రరీకి వచ్చారు. "ఏమండీ, బెంగళూరు వెళ్తున్నాను. రైల్లోకి ఏదైనా పుస్తకం ఇస్తారా?" కంగారులో చేతికందిన ఆ మొదటి నవలే ఇచ్చేశాను. ఆయన వెళ్లిపోయాక గాని చీటీ గుర్తుకు రాలేదు.

"అయిపాయె పో! పెద్దసారుకే యాడ నవ్వాల్నో రాసిచ్చినవా? ఇగ ఈ కొలువు ఫికర్ ఇడిశిపెట్టు అన్నా," అని మిత్రుడు ఓదార్చి, నా కుర్చీ తనకు సరిపోతుందేమో కూర్చుని చూసుకున్నాడు.

సోమవారం పిలుపు వచ్చింది. చీటీ ఆయన బల్ల మీదే ఉంది. నా గళ్ల పక్కన స్కేలు పెట్టి ఇంకో రెండు గళ్లు గీశారు: 'వచ్చిన ఫలితం', 'వ్యాఖ్య'. ఇరవై మూడింటికీ 'నవ్వు రాలేదు' అని ఉంది. పదకొండోదానికి మాత్రం, 'మరోసారి ప్రయత్నించాను. అదే ఫలితం.'

"అన్నీ ఫెయిలేనండీ," అన్నారు.

"క్షమించండి సార్."

"పైగా ఒకటి వదిలేశారు. నూట పన్నెండో పేజీ. అందరూ దిగిపోయిన ఓడలో గుమస్తా ఒక్కడే మిగులుతాడు చూశారూ? రోజూ సాయంత్రం ఆరింటికి రిజిస్టర్ తీసి, 'ఈ రోజు విశేషాలేమీ లేవు' అని రాసి, సంతకం పెట్టి..." ఆయన పెదాలు వణికాయి. "నేను నవ్విన నవ్వుకి ఎదురు సీటావిడ పిల్లల్ని దగ్గరికి లాక్కుందండీ!"

నాకు అర్థం కాలేదు. "అందులో నవ్వడానికేముంది సార్? అతని పని అతను చేస్తున్నాడు కదా," అన్నాను నిజాయితీగా.

ఆయన నా ముఖం చూశారు. తర్వాత నా జేబులోని డైరీని చూశారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టారు (పళ్లు చక్కగా ఉన్నాయి). కళ్లు తుడుచుకుంటూనే నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం చేసి, "ఆ పేజీ కూడా చేర్చండి," అన్నారు.

"స్థాయి, సార్?"

"పగలబడి!"

చేర్చాను గాని, నా వరకు ఆ వరుసలో ఫలితం గడి ఖాళీగానే ఉండిపోయింది. ఆ ఉద్యోగంలోనే రిటైరై ఇంటికి వచ్చేశాను. ఆ నవలలు ఎవరడిగినా ఇప్పటికీ ఇస్తాను, చీటీ తీసేసి. మొన్న సాయంత్రం డైరీ తెరిచి, 'విశేషాలేమీ లేవు' అని రాసి, సంతకం పెట్టి, అలవాటుగా గడియారం చూశాను. సరిగ్గా ఆరు.

"ఏమైందండీ, ఒక్కరే అలా నవ్వుతున్నారు?" అంటూ మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చింది. కాస్త తేరుకున్నాక పాత చీటీ వెతికి, ఇరవై నాలుగో వరుసలో 'నవ్వు వచ్చింది' అని రాశాను. వ్యాఖ్య గడిలో, బస్సులకు రాసినట్టే, 'ఆలస్యం: పాతికేళ్ల పైన' అని వేశాను.