ఆదివారం క్లాసు మనుషులు

ఎనభైల్లో, పినపాకలో ఉంటూ దూరవిద్యలో డిగ్రీ చదివాను. పాఠాలు పోస్టులో వచ్చేవి. అవి అర్థం కావడం లేదన్న దిగులు కన్నా, ఇంకెవరికైనా ఇంతేనా అన్నది తెలియకపోవడమే ఎక్కువ వేధించేది. పుస్తకం ముందు కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. వాకిట్లోకి వెళ్లి వచ్చి మళ్లీ అదే పేజీ తీసేదాన్ని.

ఆదివారాలు పాల్వంచలో క్లాసు. టీచర్లు, ఒక దవాఖానా నర్సు, కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు, పిల్లల్ని అత్తకు అప్పజెప్పి వచ్చిన నేను. లెక్చరర్ "అర్థమైందా?" అనగానే అందరం తలూపి ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. ఏమీ అర్థం కాకుండానే తలూపినందుకు నా మీద నాకే ఒళ్లు మండేది.

ఒకసారి రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ప్లాంటు ఆపరేటరు ఒకాయన వెనక బెంచీలో నిద్రపోయాడు. లెక్చరర్ లేపి, ఏం అర్థమైందని అడిగారు.

"ఏం గాలే సార్. నిద్రపోకముందు గూడ ఏం గాలే."

నవ్వులు ఆగాక నర్సు "నాకు గూడ గాలే" అంది. తర్వాత నేను. ఆ రోజే పాఠాలు పంచుకున్నాం. ఎవరి పాఠం వాళ్లు చదివొచ్చి క్లాసయ్యాక వరండాలో మిగతావాళ్లకు చెప్పాలి. ఆపరేటరుకు ఆర్థికశాస్త్రంలో డిమాండు పాఠం పడింది.

"వాన పడితే సంతకు ఎవ్వలు రారు. టమాట ధర ఏమైతది చెల్లె?" అని మొదలుపెట్టేవాడు. డిగ్రీ వస్తే ఆఫీసు సైడుకు మారొచ్చని, రాత్రి డ్యూటీల పీడ వదులుతుందని ఆయన ఆశ.

చివరి ఏడాది ఆర్థికశాస్త్రం పరీక్షకు ఆయన రాలేదు. తన జాగాలోకి ఇంకో మనిషి వస్తేగానీ డ్యూటీ దిగడానికి లేదు. ఆ పొద్దున రావాల్సిన మనిషి ఎక్కిన బస్సు దారిలో చెడిపోయిందట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా చూపంతా గేటు మీదే. మొదటి ప్రశ్నే డిమాండు. ఆయన చెప్పిన టమాటల ఉదాహరణే రాశాను. అరగంటకు గేటు వేసేశారు, ఆ తర్వాత ఎవరినీ రానివ్వరు.

పరీక్ష రాసి బయటికొచ్చేసరికి ఆయన డ్యూటీ బట్టల్లోనే గేటు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నీ పాఠమే వచ్చింది" అనేసి నాలుక కరుచుకున్నాను.

"అందరు రాసిండ్రా?"

"అందరం రాసినం."

"అయితే నేను చెప్పింది కరెక్టే. నాకు డౌటుండే" అని నవ్వాడు. కాసేపటికి నవ్వు పోయింది. "మీరంత పాసైతరు. వచ్చే ఏడు నేను ఎవ్వలతోని కూసోవాలె?"