కొచ్చుత్రేస్య పంచిన రొట్టె

తెల్లవారి మొదటి పూజకి గంట కొట్టకముందే కొచ్చుత్రేస్య ఆసుపత్రి పక్క చర్చిలో మోకాళ్ల మీద ఉండేది. ఆ రోజు ఇంటికి వెళ్ళబోయే రోగుల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి చెప్పుకునేది. ఉత్త పేరుతో ఊరుకునేది కాదు. "పడవరేవు దాటాక రెండో గట్టు మీద ఇల్లు ప్రభువా, గుమ్మం ఎత్తు, కాస్త చూసుకో" అని ఆనవాళ్ళు కూడా చెప్పేది, ఆయనెక్కడ దారి తప్పుతాడో అన్నట్టు. పూజ అయ్యాక, మొక్కులు తీరినవాళ్ళు తెచ్చి దీవెన చేయించిన రొట్టెముక్కలు గుప్పెడు అడిగి పుచ్చుకునేది. చిన్నచిన్న కాగితం పొట్లాలు కట్టి తెల్లకోటు జేబులో వేసుకునేది. ఇంటికి వెళ్ళేవాళ్ళకి తలా ఒకటి.

కేరళలో కాలువల మధ్య ఉన్న ఆ కుట్టనాడు ఆసుపత్రిలో ఆమె పని సూదులు వెయ్యడం కాదు, రోగుల్ని క్షేమంగా ఇళ్ళకి చేర్చడం. డాక్టరు "ఇక తీసుకెళ్ళొచ్చు" అనగానే మంచం పక్కన స్టూలు వేసుకుని మొదలుపెట్టేది. మరుగుదొడ్డి ఇంట్లోనా, బయటా? పొద్దస్తమానం పక్క తిప్పేదెవరు? గట్టు మీద కుర్చీతో మోసుకెళ్ళడానికి మనుషులున్నారా? పడవవాడికి కబురు పెట్టేది, ఒంటికి పుళ్ళు పడకుండా ఆసుపత్రి నీళ్ళపరుపు ఎరువిప్పించేది.

"ఏమే, ఆ ఇంటికి పిల్లనిస్తున్నావా, ఇన్ని ఆరాలు?" అని తోటి నర్సులు నవ్వేవాళ్ళు.

"పిల్లనైతే ఇంత అడగను. పిల్ల అలిగి తిరిగొస్తే కూడు పెట్టి పంపొచ్చు. వీళ్ళు తిరిగొస్తే ఆ పాపం నాది" అనేది.

పైలి అలా ఆమె చేతికి వచ్చినవాడే. బాతుల మంద కాసేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు, మాట, మింగే శక్తి అన్నీ ఒక్కసారే పోయాయి. నోట్లో ఏది పెట్టినా కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి జారిపోయేది. అందుకని ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. ఆకలి తీరేది కానీ నాలుక ఊరుకోలేదు. పక్కమంచం వాళ్ళు చేప పులుసు మూత తీస్తే పైలి కళ్ళు అటే వెళ్ళేవి. అది చూడలేక భార్య అచ్చమ్మ తన గంజిగిన్నె కొంగు కింద దాచుకుని వరండాలోకి పోయి తాగేది. ఆమె వచ్చేదాకా కొచ్చుత్రేస్యే పైలి దగ్గర కూర్చుని బాతుల కబుర్లు చెప్పేది.

ఇంటికి వెళ్ళే రోజు అచ్చమ్మకి పాఠం అప్పజెప్పించింది.

"అన్నం మెతుకు?"

"నోట్లో పెట్టను."

"నీళ్ళు?"

"గొట్టంలోనే."

"నీ చెయ్యి పట్టుకుని ఏడిస్తే?"

"నేనూ ఏడుస్తా. అంతేగానీ పెట్టను."

"నెగ్గావు చేచ్చీ" అంది కొచ్చుత్రేస్య. అచ్చమ్మ తనకన్నా పెద్దది, అందుకే అక్కా అని పిలవడం. ఆ మాట అంటూనే జేబులోంచి రొట్టె పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. అన్నం, నీళ్ళు, పులుసు, పాలు అన్నీ వద్దంది. దీవించిన రొట్టె తిండి కిందకి వస్తుందని కొచ్చుత్రేస్యకే తోచలేదు. అక్కడ ఎవరికీ తోచదు.

కొద్దిరోజులకే పైలి పోయాడని పడవవాడు చెప్పాడు. ఆ జబ్బు అంతేలే అన్నాడు డాక్టరు. కొచ్చుత్రేస్య చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగించి వచ్చింది.

పైలి పోయిన నలభై ఒకటో రోజున అతని పేర పెట్టిన భోజనాలు అయ్యాక అచ్చమ్మ మళ్ళీ వచ్చింది. నీళ్ళపరుపు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, చుట్ట చుట్టి తెచ్చింది. ఇంకో చేతిలో బాతుగుడ్ల బుట్ట. అప్పుడే వార్డులో లిన్సి అనే పిల్ల తండ్రిని తీసుకెళ్ళడానికి సంచీ సర్దుకుంటోంది. ఆయనకీ అదే జబ్బు, ముక్కులో అదే గొట్టం. లిన్సి గుప్పిట్లో కొచ్చుత్రేస్య ఇందాకే ఇచ్చిన పొట్లం.

అచ్చమ్మ ఆ పొట్లాన్ని చూసి మెత్తబడిపోయింది.

"జాగ్రత్తగా పట్టుకెళ్ళు తల్లీ. మా ఆయన ఎంత పుణ్యాత్ముడో! ఇంటికెళ్ళిన సాయంత్రమే ప్రార్థన చేసుకుని, సిస్టరిచ్చిన రొట్టె చిన్న ముక్క నాలుక మీద పెట్టాను. ఎన్నాళ్ళకో నోరు ఆడించాడు. నవ్వాడమ్మా! తర్వాత దగ్గు తగులుకుంది, జ్వరం కమ్మింది, పోయాడు. పోతేనేం, ఆఖరిరుచి దేవుడిది. డాక్టర్లివ్వగలరా అలాంటి చావు?"

లిన్సి పొట్లాన్ని కళ్ళకద్దుకుంది.

కొచ్చుత్రేస్య అచ్చమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"చేచ్చీ, నువ్వన్న ఆ దగ్గు జబ్బుది కాదు. ఆ ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది."

అచ్చమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బుట్ట కింద పెట్టింది. "దేవుడి రొట్టె?"

"గొంతుకేం తెలుసు చేచ్చీ, అది ఎవరి రొట్టో."

"అయితే నా చేత్తో నేనే..."

"నీ చెయ్యి కాదు, నాది. అన్నీ వద్దని చెప్పి, ఆ ఒక్కటీ చేతికిచ్చి పంపింది నేను."

అచ్చమ్మ కాలువ వైపు తిరిగింది. ఏడవలేదు.

"ఇన్నాళ్ళూ కంచం ముందు కూర్చోగలిగానంటే ఆ ముక్క వల్లే. ఆయన నవ్వాడు కదా అని. దాన్నీ గుంజుకున్నావు కదే! చెప్పకపోతే నీ సొమ్మేం పోయింది?"

కింద రేవులో పడవవాడు కేకేస్తున్నాడు. లోపల లిన్సి తండ్రి చెవి దగ్గర వంగి పొట్లం చూపిస్తోంది. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది.

"నేను వద్దంటే ఆ పిల్ల సరేనంటుంది చేచ్చీ. నువ్వూ సరేనన్నావు. పొట్లం లాక్కున్నా చర్చిలో ఇంకోటి దొరుకుతుంది. పడవెక్కాక దానికి గుర్తుండేది నువ్వు చెప్పిన చావే" అంది కొచ్చుత్రేస్య. అచ్చమ్మ చెయ్యి పట్టుకోబోయి, ధైర్యం చాలక వెనక్కి తీసుకుంది. "అడిగే మొహం నాకు లేదు. అయినా ఒక్క సాయం చెయ్యి. లోపలికొచ్చి, ఆ ముక్క ఏం చేసిందో నువ్వే చెప్పు దానికి. నా పేరు పెట్టే చెప్పు."