సాక్ష్యం ముగిసేదాకా

ఆదోనిలో మా మందిరానికి పోయినప్పుడల్లా, సాక్ష్యాల వేళ వచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు "సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి" అంటారు. ఒకాయన లేచి, మైకు అందుకుని, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిందంటాడు. ఒకామె లేచి కోడలికి షుగరు తగ్గిందంటుంది. ఇంకొకాయన తన బోరులో నీళ్ళు పడ్డాయంటాడు. పక్క పొలంవాడికి పడలేదని కూడా కలుపుతాడు, దేవుడు ఎవరి పక్షమో మాకు తెలియాలి కదా! అందరం "ఆమేన్" అంటాం. ఎవరి బోరులో నీళ్ళు పడితే నాకేం ఏడుపు? పడనీ, పొలం పండనీ. మేలు జరిగినవాళ్ళు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాల్సిందే. దానికి సాక్ష్యమని పేరు పెట్టడమే నాకు మింగుడు పడదు.

మా అమ్మను కన్న అవ్వ ఆ మాటను అట్లా వాడేది కాదు. ఆమె పెద్దకడుబూరు పక్క పల్లెలో పుట్టింది. అక్షరమ్ముక్క రాదు. నేను చిన్నప్పుడు బడిలో జరిగినవీ జరగనివీ కలిపి చెబుతుంటే చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసేది. "యాడో ఇన్నది సెప్పేకి నోరుంటే సాలు మే. సూసింది సెప్పేకి గుండె ఉండాల. అది సాక్ష్యమంటే" అనేది.

మా మందిరంలో ఒక కట్టుబాటుంది. సాక్ష్యం చెప్పే మనిషి "స్తోత్రం" అని మొదలుపెట్టి, "ఆయనకే మహిమ" అని ముగించాలి. ఈ రెండు మాటల నడుమ ఎవరూ అడ్డుపడకూడదు. పాస్టరైనా సరే. ఆ చివరి మాట పడేదాకా పాట ఎత్తరు, దీవెన ఇవ్వరు, జనం కదలరు. పడ్డాక మొదట ఆమేన్ అనాల్సింది సంఘపెద్ద. ఇదెందుకు వచ్చిందో అవ్వ చెప్పింది. వాళ్ళ పల్లెలో మందిరమంటే బోదగడ్డి కప్పిన ఒక కొట్టం. ఒక ఆదివారం ఒక మనిషి లేచి, బావికాడ నీళ్ళు తోడినందుకు తన కొడుకును ఎవరు కొట్టారో, ఎట్లా కొట్టారో చెప్పసాగాడు. కొట్టినవాళ్ళ మనుషులు గుమ్మంలోకి వచ్చి నోరు ముయ్యమన్నారు. అప్పట్లో అక్కడ వాక్యం చెప్పే ఉపదేశి, ఒంట్లో పిడికెడు కండ లేని మనిషి, అడ్డం పోయి నిలబడ్డాడట. "ఆయన స్తోత్రమని మొదలుపెట్టినాడు. ముగిసేదాకా ఆపేకి నాకే హక్కు లేదు, మీకు యాడిది?" అన్నాడట. వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయారు. ఆ పల్లెవాళ్ళు పత్తి మిల్లుల పనికి ఆదోని చేరినప్పుడు చట్టీకుండలతోపాటు ఆ కట్టుబాటునూ మోసుకొచ్చారు.

నేను ఎమ్మిగనూరులో హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతాను. మాట దొరికితే దాని పుట్టుక తవ్వడం నాకున్న జబ్బు. మొదటి క్రైస్తవులు గ్రీకులో వాడిన మాటకు సాక్షి అనే అర్థం. కోర్టులో, సంతలో, ఎక్కడైనా చూసింది చెప్పే మామూలు మనిషి. "మేం చూశాం" అని వాళ్ళు అన్నారు. చూడలేదని చెప్పండి, వదిలేస్తామని అధికారులన్నారు. చెప్పనివాళ్ళను చంపారు. అట్లా చంపి చంపి, ఆ మాటకే చచ్చినవాడనే అర్థం తెచ్చారు. తెలుగులో ఆ అర్థానికి హతసాక్షి అని వేరే మాట కట్టుకున్నాం. ఆ తర్వాత రాజులే ఆ మతంలో చేరారు. ప్రాణం పోయే భయం తీరింది. హతసాక్షులు పండగలకు, పటాలకు పరిమితమయ్యారు. సాక్ష్యమేమో చివరికి ఆదివారం కార్యక్రమంలో పాటకూ కానుకకూ మధ్య పది నిమిషాల ఐటమైంది. దేనికోసం మనుషులు ప్రాణాలిచ్చారో ఆ మాట మీద కూర్చుని మనం బోర్ల లెక్కలు చెప్పుకుంటున్నాం!

ఇంత కోపం ఊరికే రాలేదు. మా చిన్నమ్మకు జరిగింది చెబుతాను, మీరే చూడండి.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పని చేసేది. పత్తిలోంచి గింజను వేరుచేసే మిషన్ల దగ్గర ఆమె పని. ఆమె పక్క మిషను దగ్గర ఎమ్మిగనూరు నేతపని ఇంటి ఆడమనిషి ఒకామె చేరింది. ఇంట్లో మగ్గం ఉంది గానీ నేసిన చీర అడిగేవాడు లేడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోవాల్సిన మనిషి మిల్లులో దూది దుమ్ము మింగుతూ నిలబడింది. ఒకరోజు మిషనులో పత్తి ఇరుక్కుంది. ఆపమని ఆమె కేకేసింది. మేస్త్రీ ఆపనియ్యలేదు. చెయ్యి పెట్టి లాగమన్నాడు. ఆమె లాగింది. మిషను ఆమె కుడిచేతిని మణికట్టుదాకా తీసుకుంది. ఇదంతా చిన్నమ్మ పక్కనుండి చూసింది.

ఆసుపత్రినుంచి ఆమె ఇల్లు చేరకముందే మిల్లులో కథ మారిపోయింది. ఆ పూట ఆమెకు పనే లేదట. దూది దొంగిలించేకి చాటుగా వచ్చి, తొందరలో మిషనులో చెయ్యి పెట్టుకుందట. అట్లా అని కార్మిక శాఖ ఆఫీసులో రాసిచ్చింది ఎవరనుకున్నారు? ఆ మేస్త్రీయే. ఆ మేస్త్రీ ఎవరనుకున్నారు? మా మందిరంలో సంఘపెద్ద! కానుకల పళ్ళెం పట్టుకుని వరసలెంట తిరిగే మనిషి.

నేనూ చిన్నమ్మా నేతపని ఆమెను చూడ్డానికి పోయాం. ఎమ్మిగనూరులో మా బడికి నాలుగు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది, మీద పాత దుప్పటి కప్పారు. ఆమె చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంది.

"సెయ్యి పాయె, ఏం సేస్తామక్కా" అంది చిన్నమ్మతో. "దొంగ అంటాండారు. మా ఈదిలో పిల్లోల్లు గూడ అంటాండారు. మా ఇంట్లో పోగు నూలు గూడ ఒకరిది ముట్టుకోలేదక్కా. సెయ్యి లేకుండ బతుకుతా. దొంగ అనిపించుకోని ఎట్ల బతికేది?"

బస్సు ఎక్కబోతూ చిన్నమ్మ, "ఆదివారం నువ్వు రా" అంది నాతో.

పోయాను. సాక్ష్యాల వేళ చిన్నమ్మ లేచింది. మామూలుగా మైకు ముందు నోరు తెరిచే మనిషి కాదు. "స్తోత్రం" అంది. జనం తలలూపారు, ఎవరికో రోగం నయమైందని చెబుతుందనుకున్నారు పాపం.

"నేను సూసింది సెప్తాండాను" అంది చిన్నమ్మ. "మా పక్క మిషను ఆమె ఆ పూట పనిలోనే ఉండె. మిషను ఆపుమని ఆమె అరిసింది. ఆపొద్దు, సెయ్యి పెట్టు అన్న మనిషి ఈడనే ఉండాడు. దేవుని ముందర..."

అంతే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. ఆమె పేరు పెట్టిందా, ఊరు పెట్టిందా! పాస్టరుగారు ఆయన మొహం చూశారు, కీబోర్డు దగ్గరున్న తన అల్లుడి మొహం చూశారు. కీబోర్డు మోగింది. గాయకబృందం గొంతెత్తింది. మైకు ఆగిపోయింది. ఆ మైకు, స్పీకర్లు మిల్లు సేటు క్రిస్మస్‌కు ఇచ్చినవే. ఆయన మన మతంవాడు కాదు, అయినా ఎంత పెద్ద మనసో అని ఆ రోజు చప్పట్లు కొట్టాం. ఇప్పుడర్థమైంది ఆ మనసెంత పెద్దదో.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. సాక్ష్యం నడుమ పాట! కొట్టడానికి వచ్చినవాళ్ళు కూడా తొక్కని కట్టుబాటును కీబోర్డు పెట్టి తొక్కారు. అదీ స్తుతి పాటతో! నోరు నొక్కడానికి దేవుడి పాటే దొరికిందా వీళ్ళకు?

చిన్నమ్మ కూర్చోలేదు. పాట అయిపోయింది, ఆమె నిలబడే ఉంది. ఇంకో పాట ఎత్తారు. అదీ అయిపోయింది. ఆమె చివరి మాట అనలేదు కాబట్టి దీవెన ఇవ్వడానికి లేదు. పాస్టరుగారు పైకండువాతో మొహం తుడుచుకుంటూ దిగి వచ్చారు.

"అమ్మా, ఇది దేవుని మందిరం. మిల్లు పంచాయితీ ఈడ పెట్టేది కాదు. ఆమె మన సంఘం మనిషి గూడ కాదు కదా" అన్నారు.

"నేను సంఘాన్ని సూడలేదయ్యా. ఆమె సెయ్యి నలిగేది సూసినాను" అంది చిన్నమ్మ.

"సరే, ఆయనకే మహిమ అని కూర్చోమ్మా. ప్రార్థన చేద్దాం."

"ముగియంది ముగిసిందని ఎట్ల సెప్పేది?"

నేను లేచి నిలబడ్డాను. ఉండబట్టలేకపోయాను. "ఆ మాట ఆమె అనేదాకా ఆపే హక్కు మీకు లేదు. ఇక్కడ పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు" అన్నాను. ముసలివాళ్ళు కొందరు తలలు వంచుకున్నారు. వాళ్ళకు తెలుసు. తెలిసీ దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నారు. వాళ్ళ పిల్లలు అదే మిల్లులో పనిచేస్తున్నారు మరి. అదీ నిజమే, కానీ నాకు జాలి పుట్టలేదు, ఇప్పటికీ పుట్టదు. చివరికి దీవెన లేకుండానే జనం వెళ్ళిపోయారు. చిన్నమ్మ ఖాళీ మందిరంలో కాసేపు నిలబడి, చెప్పులేసుకుని ఇంటికి వచ్చింది.

మర్నాడు మిల్లు గేటు దగ్గరే ఆమెను ఆపి, పనికి రావద్దన్నారు. మరుసటి ఆదివారం పాస్టరుగారు కొత్త పద్ధతి ప్రకటించారు. సాక్ష్యం చెప్పదలచినవాళ్ళు ముందుగా కమిటీకి వినిపించాలట. ఆ కమిటీలో ఎవరున్నారో చెప్పనవసరం లేదు. పక్షపాతం లేకుండా చూస్తారట! కంచె చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

"సెప్పేకి ఇంగో తావుంది గదా" అంది చిన్నమ్మ. అప్పటికి ఆమె వేరుశనక్కాయలు ఒలిచే కూలికి పోతోంది. నేతపని ఆమె పెట్టుకున్న అర్జీలో సాక్షిగా తన పేరు రాయించుకుంది. విచారణకు పిలుపు వచ్చిన రోజు నేను సెలవు పెట్టి ఆమెతో కార్మిక శాఖ ఆఫీసుకు పోయాను. ఎమ్మిగనూరు నుంచి నేతపని ఆమె తమ్ముడితో వచ్చింది. మిల్లు తరఫున సంఘపెద్ద వచ్చాడు. తెల్ల చొక్కా, ఆదివారం వేసుకునేదే.

అధికారి చిన్నమ్మను చెప్పమన్నాడు. ఆమె కుర్చీలోంచి లేచింది. కూర్చునే చెప్పొచ్చమ్మా అన్నాడు ఆయన.

"లేసే సెప్తాను సార్" అంది. కొంగు సర్దుకుని, "స్తోత్రం" అంది. ఆయనకు అర్థం కాక నా వైపు చూశాడు. చిన్నమ్మ మందిరంలో ఆపిన చోటునుంచి అందుకుంది. నేతపని ఆమె మిషను ఆపమని అరవడం, మేస్త్రీ వద్దనడం, చెయ్యి పెట్టమనడం, పెట్టడం, అన్నీ చెప్పింది. ఇక్కడ కీబోర్డు లేదు.

అధికారి సంఘపెద్ద వైపు తిరిగాడు. "మిషను ఆపొద్దని నువ్వే చెప్పినావంటోంది. ఏమంటావు?"

"అబద్ధం సార్! నేను ఆ టయానికి ఆడ లేనే లేను. టీ తాగేకి బయటికి పోయింటి."

"లేవా?"

"లేను సార్. దేవుని తోడు."

"మరి ఆమె పనిలో లేదని, దొంగతనానికి వచ్చిందని, కండ్లారా చూసినానని సంతకం పెట్టినావే? టీ కొట్టుకాడ నుంచి చూసినావా?"

సంఘపెద్ద తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు. ఎవరో చెబితే రాసిచ్చానని, చివరికి గొణిగాడు. ఆ మాట కూడా రాసుకోమని అధికారి గుమాస్తాకు చెప్పాడు. దొంగ అన్న మాట కొట్టెయ్యమని, ఆమె పనిలో ఉండగానే ప్రమాదం జరిగిందని రాయమని, పైకి చెబుతూ రాయించాడు. నేతపని ఆమె తమ్ముడు ప్రతి మాటా పెదవులతో తానూ అంటూ విన్నాడు.

"ఇంక కూర్చోమ్మా, అయిపోయింది" అన్నాడు అధికారి చిన్నమ్మతో.

"ఇప్పుడు అయిపాయ సార్" అంది ఆమె. తల పైకెత్తి, మందిరంలో మిగిల్చి వచ్చిన మాట అంది. "ఆయనకే మహిమ."

మా కట్టుబాటు ప్రకారం ఆ మాటకు మొదట ఆమేన్ అనాల్సింది సంఘపెద్ద. ఆయన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. నేతపని ఆమెకు మా పద్ధతులు తెలియవు. చిన్నమ్మకు దండం పెట్టబోయి రెండు చేతులూ ఎత్తింది. కొంగు జారింది. కుడివైపు కట్టు బయటపడింది. ఎడమ చెయ్యి ఒక్కటే పోయి దానికి ఆనుకుంది.

ఆమేన్ నేనన్నాను. బయట వరండాలో ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.